కేబుల్ వేసి ఉన్న ఇంటికి వైఫై చేర్చుకునే విధానం

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో ఉన్న మా వీధిలో ఇళ్లు వీధి వైపు పదిహేను అడుగుల వెడల్పే ఉంటాయి గాని, ఒక గది వెనుక మరొక గదిగా పెరటి దాకా డెబ్బై అడుగులకు పైగా సాగిపోతాయి. ఇంటర్నెట్ కనెక్షన్ వీధి గదిలోకి వస్తుంది; మనుషులేమో నడిమి గదిలోనూ, వంటింటిని ఆనుకున్న భోజనాల గదిలోనూ కూర్చుంటారు. చాలా ఏళ్ల క్రితమే మేము వీధి గది నుంచి చివరి గది వరకు గోడ వెంట ప్లాస్టిక్ కేసింగ్ బిగించి, అందులో నెట్‌వర్క్ కేబుల్ వేయించుకున్నాం. దాని మీద ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, సీసీ కెమెరాల రికార్డరు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తూ వచ్చాయి. తరువాత ఇంట్లోకి ఫోన్లు, ట్యాబ్‌లు, స్మార్ట్ టీవీ వచ్చాయి. ఫోనుకూ ట్యాబ్‌కూ కేబుల్ గుచ్చే చోటే లేదు కనుక వైఫై తప్పనిసరి అయింది.

ఈ పరిస్థితిలో చాలామంది నాలుగు యాంటెనాలున్న ఖరీదైన రౌటర్ కొని వీధి గదిలో పెడతారు, లేదా ప్లగ్గులో గుచ్చే రిపీటరు తెచ్చుకుంటారు. ఇంట్లో కేబుల్ ఇప్పటికే ఉన్నవారికి ఈ రెండూ సరైన మార్గాలు కావని నా అభిప్రాయం. యాంటెనాలు ఎన్ని ఉన్నా మూడు గోడలు దాటేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. ఫోను కూడా తిరిగి అంత దూరం పలకాలి కదా, దాని యాంటెనా ఎంత? ఒకే బ్యాండు (రేడియో తరంగాల శ్రేణి) మీద నడిచే రిపీటరు విన్న ప్రతి మాటనూ మళ్లీ అదే రేడియోతో చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. గోడలో ఉన్న కేబుల్ మాత్రం వంద మీటర్ల దూరం వరకు వేగం తగ్గకుండా మోసుకుపోతుంది. మనుషులు కూర్చునే చోటికి కేబుల్‌తో వెళ్లి, అక్కడ దానిని రేడియోగా మార్చడమే మనం చేయవలసిన పని. ఆ పని చేసే పరికరాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు.

పని మొత్తానికి ఒకే సూత్రం గుర్తుంచుకుంటే చాలు. ఇంట్లో పరికరాలకు ఐపీ అడ్రసులు, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే అంకెలు, పంచేది ఒక్కటే ఉండాలి. ఆ పంచిపెట్టే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పటికే ఉన్న రౌటర్ ఆ పని చేస్తూ ఉంటుంది, దానినే చేయనివ్వాలి. కొత్తగా తెచ్చే పెట్టె కేబుల్‌లో వచ్చినదాన్ని గాలిలోకి, గాలిలో వచ్చినదాన్ని కేబుల్‌లోకి అందించడం తప్ప పెత్తనం చేయకూడదు. వైఫై చేర్చిన తరువాత వచ్చే చిక్కుల్లో అధిక భాగం ఈ సూత్రం తప్పడం వల్ల వచ్చేవే.

ఇంట్లో ఇప్పటికే ఏముందో చూడటం

డబ్బు ఖర్చు పెట్టకముందు వీధి గదిలోని పరికరాలను ఒకసారి పరిశీలించాలి. ఫైబరు కనెక్షన్ ఉన్న ఇంట్లో గోడకు బిగించిన పెట్టెను ఓఎన్‌టీ అంటారు. వాడుకలో మోడెం అనే అంటాం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ మొదలుకొని నేటి ప్రైవేటు కనెక్షన్ల వరకు చాలా వాటిలో టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఒకే ఫైబరు మీద వస్తాయి. అటువంటి పెట్టెలో ఒక పోర్టును టీవీ సెట్‌టాప్ బాక్సుకే కేటాయించి ఉండవచ్చు. అందువల్ల ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో ముందుగా ఫోనుతో ఫొటో తీసుకొని, ఆ తరువాతే దేనినైనా కదిలించడం మంచిది.

ఆ పెట్టె వెనుక లేదా అడుగున అతికించిన చీటీ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ముద్రించి ఉన్నాయంటే, అందులో వైఫై ఉండి కూడా ఎవరో ఆపి ఉంచారన్నమాట. ఇల్లు చిన్నదైతే దాన్ని ఆన్ చేసుకుంటే పని అక్కడితో పూర్తయినట్టే. వైఫై లేని పాత రౌటర్, దాని నుంచి ఒక నెట్‌వర్క్ స్విచ్ (ఒక కేబుల్‌ను పలు కేబుళ్లకు పంచే పెట్టె), స్విచ్ నుంచి గదులకు కేబుళ్లు ఉన్న ఇంటికి యాక్సెస్ పాయింట్ చేర్చాలి. ఈ వ్యాసం ప్రధానంగా వారి కోసమే. మూడవ రకం ఇళ్లలో అసలు రౌటరే ఉండదు. కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్షన్ కలుపుకొంటారు. వారు ఒక వైఫై రౌటర్ కొని, ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లను అందులోని పీపీపీఓఈ పేజీలో ఎక్కించాలి. అప్పుడు పెత్తనం ఆ రౌటర్‌దే అవుతుంది.

రౌటర్ ఉన్నదీ లేనిదీ తేలకపోతే కేబుల్‌తో కలిపిన విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడాలి. డీఫాల్ట్ గేట్‌వే అనే వరుసలో 192.168.1.1 వంటి అంకె కనిపిస్తే అదే మన రౌటర్ అడ్రసు. దానిని కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఇకముందు ప్రతి అడుగులోనూ దానితో పని పడుతుంది.

ఏది కొనాలి

మూలన పడి ఉన్న పాత వైఫై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవచ్చు. అది 2.4 గిగాహెర్ట్‌జ్‌తో పాటు 5 గిగాహెర్ట్‌జ్ మీద కూడా పనిచేసేదై ఉంటే కొత్తది కొనవలసిన అవసరం లేదనే చెబుతాను. కొనేటప్పుడు మాత్రం యాంటెనాల సంఖ్యను పక్కన పెట్టి పోర్టుల వేగాన్ని చూడాలి. అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1200 అని ఉన్నా, వెనుక పోర్టు 100 మెగాబిట్లదే అయితే కేబుల్ గుండా అంతకు మించి రాదు. సెకనుకు 100 మెగాబిట్ల ప్లాన్ వాడుకునే ఇంటికి 2013లో వచ్చిన ప్రమాణం మీద నడిచే వైఫై 5 పరికరం సరిపోతుంది. వైఫై 6 పరికరం పదిహేను ఇరవై ఫోన్లు ఒకేసారి కలిసే ఇంట్లో నిలకడగా ఉంటుంది.

సీలింగుకు బిగించే గుండ్రని యాక్సెస్ పాయింట్లకు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్ గుండానే ఇవ్వవచ్చు. దీనిని పీఓఈ అంటారు. పైన ప్లగ్గు లేని చోట ఇది ఎంతో సౌకర్యం. అయితే ప్రామాణిక పీఓఈ సుమారు 48 వోల్టుల మీద, కొన్ని పాత పరికరాలతో వచ్చే ఇంజెక్టర్లు (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టెలు) 24 వోల్టుల మీద పనిచేస్తాయి. ఒకదాని ఇంజెక్టరును మరొకదానికి తగిలిస్తే పరికరం కాలిపోవచ్చు. ఏ పెట్టెతో వచ్చిన ఇంజెక్టరును ఆ పెట్టెకే వాడాలి.

కేబుల్ పరీక్ష

కేసింగ్‌లో ఏళ్ల తరబడి ఉన్న కేబుల్‌ను నమ్మేముందు దాని రెండు చివరలూ చూడాలి. దాని మీద క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని ముద్రించి ఉంటే గిగాబిట్ వేగానికి పనికివస్తుంది. 100 మెగాబిట్ల వేగానికి ఎనిమిది తీగల్లో నాలుగే చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ కలవాలి. అందువల్ల ఎలుక కొరికో, జాక్‌లో సరిగా నొక్కుకోకనో ఒక జత తెగిపోయినా ఇన్నాళ్లూ మనకు తెలిసి ఉండదు, కంప్యూటరు 100 మీద నడిచిపోతూ ఉంటుంది. మా వెనుక గది కేబుల్ పరిస్థితి సరిగ్గా ఇదే అని తేలింది. నీలం జత జాక్ లోపలి దాకా చేరనేలేదు.

జాక్ మళ్లీ వేసుకోవలసి వస్తే క్రింపింగ్ టూల్ ఒకటి చాలు. పై తొడుగు అంగుళం మేర కోసి, మెలికలు విప్పి తీగలను చదును చేసి, జాక్ క్లిప్పు మన వైపు కాకుండా అవతలి వైపు ఉండేలా, దాని రాగి పళ్లు పైకి ఉండేలా పట్టుకొని ఎడమ నుంచి కుడికి ఈ వరుసలో దూర్చాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి మధ్యలో నీలం జతకు అటూ ఇటూ వస్తుంది. చేయి తిరగనివారు తప్పు చేసేది అక్కడే. పొడవు ఎక్కువైన తీగలను సమంగా కత్తిరించి, మెలిక విప్పిన భాగం అర అంగుళం మించకుండా, పై తొడుగు జాక్ లోపలికి కొంత చేరేలా తోసి నొక్కాలి. తొడుగు బయటే ఉండిపోతే నాలుగుసార్లు లాగేసరికి తీగలు ఊడివస్తాయి. రెండో చివర కూడా ఇదే వరుస.

కొత్త కేబుల్ కొనవలసి వస్తే అల్యూమినియం మీద రాగి పూత పూసిన చౌక రకం కాకుండా పూర్తి రాగి తీగ ఉన్నదే అడిగి తీసుకోవాలి. పీఓఈ పెట్టదలచినవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

పెట్టెను సిద్ధం చేయడం

కొత్త పెట్టెను వెంటనే ఇంటి నెట్‌వర్క్‌కు కలపకూడదు. ముందు దానిని ఒక్కదానినే బల్ల మీద పెట్టి, కరెంటు ఇచ్చి, ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో దాని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) పోర్టుకు తగిలించాలి. పాత రౌటర్ అయితే వెనుక ఉన్న సన్నని రంధ్రంలో గుండుసూదితో పది పదిహేను సెకన్లు నొక్కి రీసెట్ చేయాలి. తరువాత బ్రౌజర్‌లో దాని అడ్రసు కొట్టాలి. ఎక్కువ పెట్టెలకు అది 192.168.0.1 లేదా 192.168.1.1, కచ్చితమైనది అడుగున చీటీ మీద ఉంటుంది. లోపలికి వెళ్లగానే మొదట మార్చవలసింది అడ్మిన్ పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, పెట్టెను సరిదిద్దడానికి వాడేది. రెండూ ఒకటే పెట్టుకుంటే వైఫై అడిగిన ప్రతి చుట్టానికీ ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టే.

మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే అదృష్టమే. దానిని ఎంచుకొని సేవ్ చేస్తే డీహెచ్‌సీపీ దానంతట అదే ఆగిపోతుంది, సాధారణంగా కేబుల్‌ను ఏ పోర్టులో గుచ్చినా పనిచేస్తుంది. ఆ మోడ్ లేని పాత పెట్టెల్లో అదే పనిని చేత్తో చేసుకోవాలి. వాటిలో వైఫై సెట్టింగులన్నీ ముందే పూర్తి చేసి, డీహెచ్‌సీపీని చివరికి వదలాలి, ఎందుకంటే అది ఆగిన తరువాత ల్యాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవారు ఉండరు.

వైఫైకి పేరు పెట్టి, సెక్యూరిటీ వరుసలో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, పాత ఫోన్లు కలవకపోతే ఏఈఎస్‌తో కూడిన డబ్ల్యూపీఏ2 ఎంచుకోవాలి. పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలకు తగ్గకుండా ఉండాలి. మన వైపు ఇంటి పేరు, దాని తరువాత ఫోను నంబరు పెట్టే అలవాటు ఉంది. పక్కింటి కుర్రాడు మొదట ప్రయత్నించేది అదే. పాస్‌వర్డ్ కొట్టకుండా పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ అనే బటన్ సౌకర్యాన్ని ఆపివేయాలి. దాని ఎనిమిది అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా విడివిడిగా సరిచూస్తారు కనుక ఎక్కువలో ఎక్కువ 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది.

ఆ తరువాత ల్యాన్ సెట్టింగుల్లోకి వెళ్లి పెట్టె అడ్రసు మార్చాలి. ఇంటి రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు. మొదటి మూడు భాగాలు రౌటర్‌తో కలవాలి, చివరి అంకె వేరుగా ఉండాలి, రౌటర్ ఇతరులకు పంచే వరుసలో అది ఉండకూడదు. రౌటర్ 100 నుంచి 199 వరకు పంచుతూ ఉంటే 2 నిశ్చింత. 2 నుంచే పంచుతూ ఉంటే రౌటర్‌లోకి వెళ్లి ఆ వరుసను 100 దగ్గర మొదలయ్యేలా మార్చాలి. సేవ్ చేయగానే పెట్టె మాయమైనట్టు కనిపిస్తుంది, కంగారు పడవద్దు. కేబుల్ ఒకసారి తీసి పెట్టి, బ్రౌజర్‌లో కొత్త అడ్రసు కొడితే మళ్లీ తెరుచుకుంటుంది. అప్పుడు డీహెచ్‌సీపీ సర్వర్‌ను డిజేబుల్ చేసి సేవ్ చేయాలి. ల్యాప్‌టాప్‌కు 169.254తో మొదలయ్యే అడ్రసు వచ్చిందంటే అడ్రసు ఇచ్చేవారు లేక తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. మన పని నెరవేరిందనడానికి అదే గుర్తు.

ఇప్పుడు గోడలోంచి వచ్చిన కేబుల్‌ను పెట్టె ల్యాన్ పోర్టుల్లో ఏదో ఒక దానిలో గుచ్చాలి. వ్యాన్ (బయటి ఇంటర్నెట్ కోసం) అని రాసి, వేరే రంగులో ఉన్న పోర్టును ఖాళీగా వదిలేయాలి. అందులో గుచ్చితే ఇంటర్నెట్ వస్తుంది, అందుకే చాలామంది అక్కడ ఆగిపోతారు. కాని పెట్టె తన వెనుక మరో చిన్న నెట్‌వర్క్‌ను సృష్టిస్తుంది. ఫోను నుంచి ప్రింటరు కనిపించదు, కెమెరాల రికార్డరు దొరకదు, టీవీకి ఫోను బొమ్మ పంపడం కుదరదు. ఇంకొక హెచ్చరిక: స్విచ్ నుంచి పెట్టెకు ఒక్క కేబులే ఉండాలి. రెండు కలిపితే వేగం రెట్టింపవుతుందనుకొని కలిపినవారి ఇంట్లో సమాచారం గిర్రున తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తం స్తంభిస్తుంది.

డీహెచ్‌సీపీ గురించి ఇంతగా చెప్పడానికి నా అనుభవం ఒకటి ఉంది. దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలు దిగిన ఒక ఏడు, తొందరలో ఆ ఒక్క టిక్కు తీయకుండానే పెట్టెను కలిపేశాను. సగం ఫోన్లకు పాత రౌటర్ అడ్రసు ఇచ్చింది, సగం ఫోన్లకు కొత్త పెట్టె ఇచ్చింది. మా బావగారి ఫోనులో వీడియో చక్కగా నడుస్తోంది, ఆయన పక్కనే కూర్చున్న మా అక్క ఫోనులో ఇంటర్నెట్ లేదని వస్తోంది. లైన్ పోయిందని కేబుల్ ఆపరేటరును రెండుసార్లు పిలిపించాను; పాపం, అతని తప్పేమీ లేదు.

ఎక్కడ పెట్టాలి

మన వైపు ఇళ్లలో వైఫై పెట్టె చేరే చోటు బీరువా పైభాగం. అంతకంటే చెడ్డ చోటు లేదు. ఇనుప బీరువా సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది, దాని వెనుక ఉన్న గదికి నీడ పడుతుంది. ఫ్రిజ్ పక్కన, నిలువుటద్దం వెనుక, నీళ్ల ట్యాంకు కింద కూడా పెట్టకూడదు. నీరు రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. పాత మండువా ఇళ్ల మందపాటి గోడలను 2.4 గిగాహెర్ట్‌జ్ కొంత వరకు దాటుతుంది, 5 గిగాహెర్ట్‌జ్ ఒక గోడకే అలసిపోతుంది. అందుకే తలుపులు ఒకే వరుసలో ఉన్న పొడవాటి ఇంట్లో, తలుపు తెరిస్తే రెండు గదులు కనిపించే చోట, ఆరేడు అడుగుల ఎత్తున గోడకు బిగించడం ఉత్తమం. మా ఇంట్లో నడిమి గది ద్వారబంధం పైన పెట్టిన ఒక్క పెట్టె వంటింటి దాకా చాలింది.

చాలకపోతే చివరి గదిలో రెండవది పెట్టి, దానికి 192.168.1.3 అని అడ్రసు ఇచ్చి, అదే పేరు, అదే పాస్‌వర్డ్, అదే సెక్యూరిటీ పెట్టాలి. ఫోను తానే బలమైనదాన్ని వెతుక్కుంటుంది. ఛానళ్లు, అంటే బ్యాండులోని చిన్న భాగాలు, మాత్రం వేరు కావాలి. 2.4లో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఆ మూడింటిలోనే ఎంచుకొని, వెడల్పు 20 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఉంచాలి. గోడకు గోడ ఆనుకున్న వీధిలో 40 పెట్టడం పక్కింటివారితో తగవు పెట్టుకోవడమే. 5 గిగాహెర్ట్‌జ్‌లో చోటు ధారాళంగా ఉంది, 2018 అక్టోబరులో కేంద్రం ఆ బ్యాండులో లైసెన్సు అక్కరలేని భాగాన్ని బాగా విస్తరించింది. ఒక పెట్టెకు 36, రెండవదానికి 149 ఇస్తే చాలు.

సిగ్నల్ కొలిచే ఉచిత యాప్ ఒకటి ఫోనులో వేసుకొని గదిగదికీ నడవాలి. అంకె మైనస్ 50కి దగ్గరగా ఉంటే చాలా బాగు, మైనస్ 67 వరకు వీడియో కాల్ సాఫీగా సాగుతుంది, మైనస్ 80 దగ్గర కనెక్షన్ ఉన్నట్టే ఉంటుంది గాని పని జరగదు. తరువాత వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ అడ్రసుకు పింగ్ చేసి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పక్కన ఆ అడ్రసు రాసి, చూడాలి. జవాబులు కొద్ది మిల్లీసెకన్లలో నిలకడగా వస్తూ ఉండి ఇంటర్నెట్ మాత్రం నెమ్మదిగా ఉంటే, లోపం మన గోడల బయట ఉందన్నమాట.

పిడుగులు, కరెంటు

వేసవి చివర మధ్యాహ్నాలు ఉరుములతో మొదలయ్యే మన జిల్లాల్లో దీనిని విడిగా చెప్పక తప్పదు. ఫైబరులోని గాజు పోగు విద్యుత్తును మోయదు గాని, దానికి ఊతంగా వచ్చే ఇనుప తీగ మోస్తుంది; దానిని గోడ బయటే ఆపించాలి. అంతకంటే ప్రమాదం, ఇంటి నుంచి పెరటి అవతల ఉన్న గదికో పక్క డాబాకో ఆరుబయట లాగిన రాగి కేబుల్. సమీపంలో పిడుగు పడితే అందులో పుట్టే వోల్టేజీ రెండు చివరల్లోని పోర్టులనూ కాల్చేస్తుంది. అటువంటి చోటికి రెండు మీడియా కన్వర్టర్లతో (రాగి కేబుల్‌లో వచ్చినదాన్ని ఫైబరుకు మార్చే పెట్టెలు) ఫైబరు వేసుకోవాలి. ఉరుములు మొదలైనప్పుడు అడాప్టర్ ఒక్కటే పీకితే చాలదు, నెట్‌వర్క్ కేబుల్ కూడా తీయాలి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు లైను మీద వీధి గదిలోని రౌటర్, నడిమి గదిలోని యాక్సెస్ పాయింట్ ఉండి, మధ్యలోని స్విచ్ లేకపోతే నడిమి గది వైఫై పేరు కనిపిస్తూనే ఉంటుంది, ఇంటర్నెట్ రాదు. మోడెం, రౌటర్, స్విచ్, యాక్సెస్ పాయింట్ నాలుగూ ఒకే ఇన్వర్టరు లైను మీద ఉండాలి. ఇన్వర్టరు లేనివారికి 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిచూడాలి. 2018 అక్టోబరు 11న పలాస తీరాన్ని తాకిన తిత్లీ వంటి తుపాను తరువాత స్తంభాలే నేలకొరుగుతాయి కనుక అప్పుడు ఇవేవీ అక్కరకు రావు, ఫోను డేటా మీద ఆధారపడవలసిందే.

చివరిగా, రౌటర్ అడ్రసు, ప్రతి యాక్సెస్ పాయింట్ అడ్రసు, దాని ఛానలు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి, చుట్టాల కంట పడని చోట, మీటరు పెట్టె తలుపు లోపలి వైపు అతికించుకోవాలి. మా ఇంటి కాగితం మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది, రీసెట్ చేస్తే డీహెచ్‌సీపీ మళ్లీ ఆన్ అవుతుందన్న మాట.